బోరు మీద బోరు వేస్తున్న నాయినకు లెక్కలు చూపిస్తే మొండితనం ఎందుకు పెరుగుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. దేవరకొండ వైపు మీకు ఐదెకరాల బత్తాయి తోట ఉంది. మీ నాయిన ఇప్పటికి ఆరు బోర్లు వేయించారు. నీళ్లున్నది ఒక్కదాంట్లోనే, అది కూడా ఎండాకాలం ఆగి ఆగి పోస్తోంది. ఇప్పుడు ఏడోదానికి రెండు రూపాయల మిత్తికి అప్పు మాట్లాడుతున్నారు. అయిన ఖర్చంతా మీరు కాగితం మీద రాసి చూపిస్తే ఆలోచించడం పోయి, "ఈసారి పడతది, రాసిపెట్టుకో" అని ఇంకా గట్టిగా అన్నారు. ఇది కాగ్నిటివ్ డిసొనెన్సేనా (మనసులో రెండు మాటలు పొసగక పుట్టే ఇబ్బంది), అయితే ఆ పరిశోధనలో మా ఇంటికి పనికొచ్చేది ఏమైనా ఉందా అని అడిగారు.

సూటిగా చెప్తాను: చాలావరకు అదే. మీ నాయినకు లెక్క తెలుసు, తెలిసినందుకే మొండికేస్తున్నారు. ఏ బోరుకు ఎంతైందో, ఎన్ని ఫీట్ల దగ్గర ఉత్త దుమ్ము లేచిందో ఆయనకు నోటికి వచ్చు. మీ కాగితంలో ఆయనకు కొత్త సమాచారం ఏమీ లేదు, లోపల ఉన్న బాధ మాత్రం పెరిగింది. కాబట్టి ముందు ఆ కాగితం పక్కన పెట్టండి. ఇజ్జత్ పోకుండా ఆయన వెనక్కి రావడానికి ఒక దారి తయారు చేయండి. ఇది ఎందుకు పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో ఇక వివరంగా రాస్తాను.

నేను నల్లగొండలో బీఈడీ విద్యార్థులకు చాలా ఏళ్లు సైకాలజీ చెప్పాను. ఇప్పుడు కుటుంబాలకు కౌన్సెలింగ్ చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే రైతు ఇళ్లల్లో బోరు గొడవ మామూలు విషయం. మునుగోడు, చండూరు, నాంపల్లి, మర్రిగూడ... అటు పాలమూరు వైపు అచ్చంపేట, కల్వకుర్తి దాకా కథ ఒకటే.

అసలు సిద్ధాంతం ఏమంటుంది?

లియోన్ ఫెస్టింగర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1957లో దీన్ని పూర్తి రూపంలో చెప్పాడు. మనసులో రెండు విషయాలు ఒకదానితో ఒకటి పొసగకపోతే మనిషికి లోపల ఇబ్బంది పుడుతుంది, ఆ ఇబ్బందిని తగ్గించుకోవడానికి మనిషి ఏదో ఒకటి చేసి తీరతాడు అని. దాన్ని ఆయన ఆకలితో పోల్చాడు. ఆకలేస్తే తిండి వెతుక్కున్నట్టు, ఈ ఇబ్బంది పుడితే సర్దుబాటు వెతుక్కుంటాం. చాలామంది దీన్ని తర్కంలో లోపంగా చదువుతారు. నేను మాత్రం దీన్ని మొదట ఉద్వేగంగా, ఆ తర్వాత ప్రేరణగా చదువుతాను. ఆలోచన వచ్చేది వీటన్నిటి వెనకే.

మీ నాయిన మనసులో రెండు మాటలున్నాయి. ఒకటి, "నేను ఇల్లు నడపడం తెలిసిన మనిషిని." రెండు, "ఇంటి డబ్బంతా నేనే భూమిలో పోశాను." ఈ రెండూ ఒకచోట ఉండలేవు. రెండోదాన్ని చెరపడం ఆయన చేతిలో లేదు, డబ్బు పోయింది. మొదటిదాన్ని వదులుకోవడం ఏ తండ్రికీ చేతకాదు. అందుకని మూడో మాట పుడుతుంది: "ఇంకొక్కటి వేస్తే పడతది." ఆ బోరు పడితే అంతకుముందు పోయిన ఐదూ తప్పులు కావు, దానికి దారి తీసిన మెట్లు అవుతాయి. ఏడో బోరులో నీళ్ల కోసం ఎంత వెతుకుతున్నారో, పాత బోర్లకు అర్థం కోసం కూడా అంతే వెతుకుతున్నారు.

ఈ సిద్ధాంతానికి బీజం పడింది మన దేశంలో అంటే చాలామంది నమ్మరు. 1934 జనవరిలో బీహార్‌లో పెద్ద భూకంపం వచ్చింది. కంపనం తెలిసినా నష్టం పెద్దగా జరగని ఊళ్లలో పుట్టిన పుకార్లను జమునా ప్రసాద్ అనే పరిశోధకుడు సేకరించాడు. అవన్నీ ఇంకా పెద్ద ప్రళయం రాబోతోందని చెప్పేవే. భయపడి ఉన్నవాళ్లు తమ భయాన్ని ఇంకా పెంచే కబుర్లను ఎందుకు నమ్మాలి? ఫెస్టింగర్‌ను తొలిచిన ప్రశ్న ఇదే. ఆయనకు తట్టిన జవాబు ఇది: వాళ్లలో భయం అప్పటికే ఉంది, కళ్లెదుట దానికి తగిన కారణం లేదు, ఆ లోటును పుకారు పూరించింది. అదే 1950లో డార్జిలింగ్ వైపు కొండచరియలు విరిగిపడి నిజంగా నష్టం జరిగిన చోట దుర్గానంద సిన్హా చూస్తే అలాంటి ప్రళయం పుకార్లు కనపడలేదు. అక్కడ భయానికి కారణం కళ్లముందే ఉంది మరి. క్లాసులో నేను ఎప్పుడూ దీనితోనే మొదలుపెట్టేవాణ్ని. పుస్తకాల్లో ముందుగా వచ్చే డాలర్ ప్రయోగం కంటే ఇది మన పిల్లలకు త్వరగా ఎక్కుతుంది.

ఆ డాలర్ ప్రయోగం కూడా చెప్పాలి, మీకు దానితో పని ఉంది. 1959లో ఫెస్టింగర్, కార్ల్‌స్మిత్ కలిసి కాలేజీ కుర్రాళ్లతో గంటసేపు విసుగు పుట్టించే పని చేయించారు. తర్వాత "బయట ఉన్న మనిషికి ఈ పని భలే సరదాగా ఉందని చెప్పు" అన్నారు. ఆ అబద్ధానికి కొందరికి 1 డాలర్, కొందరికి 20 డాలర్లు ఇచ్చారు. చివర్లో "నిజంగా ఎలా ఉంది?" అని అడిగితే, సరదాగానే ఉందన్నది 1 డాలర్ తీసుకున్నవాళ్లు. 20 తీసుకున్నవాళ్ల దగ్గర సాకు ఉంది: డబ్బు కోసం చెప్పాను. 1 డాలర్ వాళ్లకు ఆ సాకు లేదు, అందుకని అభిప్రాయమే మార్చుకున్నారు.

ఇందులోంచి మీరు పట్టుకోవలసింది ఒక్కటే: బయట సాకు దొరికినవాడికి లోపల నమ్మకం మార్చుకునే అవసరం ఉండదు. మీ నాయినకు సాకు లేకుండా చేస్తున్నది మీరే. "ఎవరు చెప్తే వేశావ్? నీ అంతట నువ్వే కదా!" అన్న ప్రతిసారీ తప్పు మొత్తం ఆయన ఒక్కడి నెత్తిన పడుతోంది. దాని బరువుకు ఆయన దగ్గర మిగిలిన విరుగుడు "ఈసారి పడతది" అన్న నమ్మకమే. దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటున్నారు.

ఇదే సంగతిని బ్యారీ స్టా 1976లో ఇంకోవైపు నుంచి చూశాడు. బిజినెస్ విద్యార్థులకు ఒక ఊహా కంపెనీ డబ్బు ఇచ్చి ఏ విభాగానికి పెడతారో తేల్చమన్నాడు. ఫలితం చెడ్డాక మళ్లీ డబ్బు ఇచ్చి పంచమన్నాడు. మొదటి నిర్ణయం వేరేవాళ్లు తీసుకుని ఉంటే విద్యార్థులు జాగ్రత్తపడ్డారు. తామే తీసుకుని, అది బెడిసి ఉంటే, బెడిసిన విభాగానికే ఎక్కువ పోశారు. ఇది చదివినప్పుడల్లా నాకు మన బోరు బండే గుర్తొస్తుంది.

కానీ అంతా డిసొనెన్స్ అనుకోకండి. పత్తి చేను ఎండితే ఒక పంట పోతుంది. బత్తాయి కాపుకు రావడానికే నాలుగైదేళ్లు పడుతుంది, చెట్టు ఎండిందంటే ఆ ఏళ్లన్నీ పోయినట్టే. కాబట్టి ఇంకో బోరు ఆలోచనలో కొంత నిజమైన లెక్క కూడా ఉండొచ్చు. తండ్రిని మూర్ఖుడి కింద జమకట్టే ముందు ఒక పరీక్ష చేయండి. తోట సంగతి రాని వేళ చూసి మామూలుగా అడగండి: "నాయినా, మన పక్క చేను ఆయనకు ఇట్లనే ఆరు వేస్తే ఒక్కటే పడ్డదనుకో, అప్పు తెచ్చి ఏడోది వేయమంటవా?" వేయమంటే ఆయనది లెక్కే, ఆ లెక్క కూర్చుని వినండి, మీకు తెలియనిది ఏదైనా ఉండొచ్చు. "వానికేం పిచ్చా?" అంటే మాత్రం నేను చెప్తున్నదే. అప్పుడు పొరపాటున కూడా "మరి నువ్వు?" అనకండి. ఊరుకోండి. ఆ మాట ఆయనలో ఆయనే తిప్పుకుంటారు.

కోపం సంగతి. లెక్కలు చూపిస్తే కోపం ఎందుకొచ్చిందని అడిగారు. 1974లో జాన్నా, కూపర్ ఒక ప్రయోగం చేశారు. తమ అభిప్రాయానికి వ్యతిరేకంగా వ్యాసం రాయబోయే విద్యార్థులకు ఒక మాత్ర ఇచ్చారు, నిజానికి అందులో మందేమీ లేదు. ఇది వేసుకుంటే ఆదుర్దాగా ఉంటుందని కొందరికి, హాయిగా ఉంటుందని కొందరికి చెప్పారు. ఆదుర్దా మాత్ర అనుకున్నవాళ్లు అభిప్రాయం మార్చుకోలేదు. లోపలి అలజడిని మాత్ర మీదికి నెట్టేశారు. హాయి మాత్ర అనుకున్నవాళ్లు మాత్రం మామూలు కంటే ఎక్కువ మార్చుకున్నారు. అంటే నమ్మకాన్ని కదిలించేది ఆ అలజడి, అది ఎక్కడినుంచి వస్తోందని మనిషి అనుకుంటాడో అదే అసలు సంగతి.

ఇక్కడినుంచి చెప్పేది నా అన్వయం, ప్రయోగం చెప్పింది కాదు. మీరు గొంతు పెంచినప్పుడు మీ నాయిన లోపలి అలజడికి తేలికైన కారణం దొరుకుతోంది: "వీడు నా మీదికి లేస్తుండు." అంతే, బోరు తప్పించుకుంది, దోషి మీరయ్యారు. మా దగ్గర కూర్చున్న చాలామంది తండ్రులు "వీని వల్లనే నాకు బీపీ" అంటారు. కొడుకు అరవడం మానేసిన ఇళ్లల్లో కొన్నాళ్లకు అదే తండ్రి "నాకే నిద్ర పడ్తలేదు" అనడం విన్నాను. ఆ మాట వచ్చిందంటే సగం పని అయినట్టే. 1994లో ఇలియట్, డివైన్ అనే ఇద్దరు ఈ ఇబ్బందిని నేరుగా అడిగి కొలిచారు. నమ్మకానికి విరుద్ధంగా రాసిన వెంటనే ఇబ్బంది ఎక్కువగా ఉంది, అభిప్రాయం సర్దుకున్నాక తగ్గింది. మీ నాయిన "ఈసారి పడతది" అన్నాక కాసేపు హుషారుగా కనిపిస్తారు చూడండి. అది ధైర్యం అనుకుంటాం. నాకైతే నొప్పి తగ్గిన హుషారులా కనిపిస్తుంది.

నలుగురి ముందు అస్సలు వద్దు. పండక్కి వచ్చిన అల్లుడి ముందో, మీ మేనమామ ముందో ఈ మాట ఎత్తారా? ఎత్తే ఉంటారు, అందరూ అదే చేస్తారు, పెద్దమనిషి మాట వింటాడని. 2004లో కితయామా బృందం చేసిన పనిలో జపాన్ విద్యార్థులు తాము ఎంచుకున్న పాటల సీడీని సమర్థించుకోవడం అనేది ఎదురుగా మనుషుల ముఖాలున్న పోస్టర్ ఉన్నప్పుడే కనపడింది. పోస్టర్ లేకపోతే అంతగా లేదు. అమెరికా వాళ్లలో ఆ తేడా లేదు. మనం జపాన్ కాదు, నిజమే. కానీ "నలుగురు ఏమనుకుంటరు" అన్న మాట మీద బతికే ఊళ్లు మనవి, ఈ విషయంలో మనం ఎటువైపు ఉంటామో నాకు పెద్ద అనుమానం లేదు. నలుగురి ముందు అన్న "వేస్తా" అనే మాటను వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

ఇప్పుడు ఏం చేయాలో.

మొదటిది, సాకు ఇవ్వండి. అబద్ధపు సాకు అక్కర్లేదు, నిజమైనదే ఉంది. మన జిల్లాల్లో అడుగున ఉన్నది గట్టి గ్రానైటు రాయి. నీళ్లు పైన మెత్తబడ్డ పొరలో, దాని కింద రాతి పగుళ్లలో ఉంటాయి. లోతుకు పోయినకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. ఇంకో వంద ఫీట్లు దిగితే గంగ పడుతుందన్న హామీ లేదు. ఇది మీ నాయిన తప్పు కాదు, కొబ్బరికాయ పట్టి పాయింటు పెట్టినాయన తప్పు కూడా పూర్తిగా కాదు. "ఆ యేడు కాలం కాలేదు, చుట్టుపక్కల అందరూ వేసిన్రు, ఎవరైనా అదే చేస్తరు" అని మీ నోటితో అనండి. తప్పును సమర్థిస్తే ఇంకా వేస్తారేమోనని మీకు భయం ఉంటుంది. పైన చెప్పిన 20 డాలర్ల వాళ్లను గుర్తు తెచ్చుకోండి. సాకున్నవాడికి కొత్త నమ్మకంతో పని లేదు.

రెండోది, తోట మీద ఆయన చేసిన మంచి పని గుర్తుచేయండి. క్లాడ్ స్టీల్ 1980లలో చూపించింది ఇదే: మనిషికి తాను విలువైనవాడినన్న భావం వేరే దగ్గర నిలబడితే, ఈ ఒక్క తప్పును సమర్థించుకునే అవసరం తగ్గుతుంది. రాళ్లు ఏరి, తుమ్మచెట్లు కొట్టి ఆ చెలకను తోట చేసింది ఆయనే కదా? మిమ్మల్ని చదివించింది ఆ తోట మీద వచ్చిన డబ్బే కదా? అదే చెప్పండి. కాకపోతే బోరు మాట ఎత్తడానికి ముందు పొగిడి, వెంటనే "కానీ" అంటే ఆయన పసిగట్టేస్తారు. ఆ రెంటినీ వేరువేరు రోజుల్లో పెట్టండి.

మూడోది, నాకు అన్నిటికంటే ఎక్కువ ఫలితం కనిపించినది. "వేయొద్దు" అనకుండా ఎంచుకునే పని ఆయనకే ఇవ్వండి. "ఉన్న నీళ్లతో ఐదెకరాలు బతకవు. రెండెకరాలైతే డ్రిప్పు మీద నిలబడొచ్చు. ఏ రెండెకరాలు ఉంచుదామో నువ్వే చెప్పు." జాక్ బ్రెమ్ 1956లో ఇంట్లో వాడే వస్తువులతో చూపించింది, ఇంచుమించు సమానంగా నచ్చిన రెంటిలో ఒకటి ఎంచుకున్నాక, ఎంచుకున్నది ఇంకా నచ్చుతుంది, వదిలేసింది తగ్గిపోతుంది. ఈ ప్రయోగాల లెక్కల తీరులోనే దోషం ఉందని 2010లో చెన్, రైజెన్ గట్టిగా ఎత్తిచూపారు. ఆ దోషం సరిచేసి చేసిన తర్వాతి పనుల్లో కూడా ప్రభావం కనపడింది కాబట్టి నేను దీన్ని వదల్లేదు. మర్రిగూడ వైపు ఒక ఇంట్లో తండ్రి కాలువ గట్టు పక్క చెట్లు ఉంచుతానని తనే ఎంచుకున్నాడు. తర్వాత ఆ నిర్ణయాన్ని ఊర్లో అందరికీ తనే సమర్థించుకుంటూ తిరిగాడు, అంతకుముందు బోరును సమర్థించినంత జోరుగా. మొండితనం ఎక్కడికీ పోలేదు. దాని ముఖం మాత్రం మళ్లింది.

తప్పును ఎత్తిచూపి మార్చే పద్ధతి కూడా పరిశోధనలో ఉంది. 1992లో కాలిఫోర్నియాలో డికర్సన్ బృందం ఈతకొలను నుంచి వస్తున్న అమ్మాయిలతో "నీళ్లు పొదుపు చేయండి" అన్న పోస్టర్ మీద సంతకం పెట్టించి, తాము ఎన్నిసార్లు నీళ్లు వృథా చేశారో కూడా గుర్తుచేశారు. తర్వాత వాళ్లు స్నానానికి తక్కువసేపు తీసుకున్నారు. చదవడానికి బాగుంటుంది. మీ ఇంట్లో మాత్రం వద్దు. అక్కడ పోయేది ఓ ఐదు నిమిషాల షవర్, ఇక్కడ పోయేది ఓ మనిషి జీవితకాలపు పరువు. ఆ బరువు మీద కపటం ఎత్తిచూపితే మనిషి మారడం కంటే విరగడం ఎక్కువ.

ఈ పరిశోధన అంతా రాతి మీద రాసింది కాదని కూడా తెలుసుకోండి. డారిల్ బెమ్ 1967లోనే అసలు లోపల ఇబ్బందే అక్కర్లేదు, మనిషి తన పనిని తానే బయటినుంచి చూసి "నాకిది ఇష్టమేమో" అనుకుంటాడంతే అన్నాడు. పైన చెప్పిన మాత్ర ప్రయోగం దానికి మంచి జవాబు. 2024లో 19 దేశాల్లోని 39 ల్యాబులు కలిసి వ్యాసం రాయించే ప్రయోగాన్ని మళ్లీ చేశాయి. అభిప్రాయానికి ఎదురు రాసినవాళ్లు మారారు. కానీ "నీ ఇష్టంతోనే రాస్తున్నావ్" అన్నవాళ్లకూ "రాయాల్సిందే" అన్నవాళ్లకూ మధ్య ఉండాల్సిన తేడా రాలేదు. సిద్ధాంతానికి అది కీలకమైన తేడా. కాబట్టి యూట్యూబులో ఎవరైనా ఈ డాలర్ ప్రయోగాన్ని వేదంలా చెబితే కొంచెం తగ్గించి వినండి. స్వేచ్ఛ సంగతి ఇంకా తేలలేదు. అలజడి, దాన్ని తగ్గించుకునే ప్రయత్నం, తన పరువు కాపాడుకునే ఆరాటం, ఈ మూడూ నాకు ఇళ్లల్లో రోజూ కనిపించేవే, వాటిమీదనే నేను పని చేస్తాను.

ఒక్క హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మొండిగా వాదించే తండ్రి కంటే ఉన్నట్టుండి వాదించడం మానేసిన తండ్రి గురించి నాకు ఎక్కువ భయం. తిండి తగ్గడం, రాత్రిళ్లు తోట దగ్గరే ఉండిపోవడం, "నేను లేకుంటే మీకు ఈ బాధ ఉండకపోవు" లాంటి మాటలు కనపడితే బోరు సంగతి పూర్తిగా వదిలేయండి. పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి, ఆయన్ని ఒంటరిగా ఉంచకండి, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

అప్పు ఇచ్చేవాడితో మీరు విడిగా మాట్లాడొచ్చా అని కూడా అడిగారు. వద్దు. అది బయటపడిన రోజు ఆయన అప్పు ఇంకోచోట తెస్తారు, ఇంకా ఎక్కువ మిత్తికి. దానికి బదులు వాల్టా (నీళ్లు, భూమి, చెట్ల) చట్టం కింద బోరుకు అనుమతి తీసుకోవాలి కదా, ఆ పనికి ఆయన వెంట మీరూ వెళ్లండి. అదే ఊపులో భూగర్భ జల శాఖ వాళ్లతో చేను సర్వే చేయిద్దామని అడగండి. "వేయొద్దు" అన్న మాట కొడుకు నోట రావడం వేరు, ఆఫీసు కాగితం మీద రావడం వేరు. రెండోదాన్ని ఊర్లో చెప్పుకోవచ్చు. సర్వేలో నీళ్లున్నాయని వచ్చినా కంగారుపడకండి, అప్పుడు కనీసం కొబ్బరికాయ మీద కాకుండా పరీక్ష మీద వేసినట్టవుతుంది.

ఇంకొంచెం కచ్చితంగా చెప్పాలంటే నాకు రెండు విషయాలు కావాలి: ఆ ఒక్క బోరు ఎండాకాలంలో ఎన్ని ఇంచుల నీళ్లు పోస్తోంది, చెట్ల వయసెంత. రెండెకరాల మాట ఎత్తాలా, ఒక్క ఎకరం దగ్గరే ఆగాలా అన్నది వాటిమీదే ఉంది. రాయండి, చూసి చెప్తాను.